బస్సు డ్రైవర్ కూతురు చూసిన కిరీటం

2020 వేసవి గుర్తుందా? టీవీ పెడితే అదే బొమ్మ, పేపరు తీస్తే అదే బొమ్మ. గుండ్రటి బంతి... దాని చుట్టూ మేకుల్లా పొడుచుకొచ్చిన ముళ్లు. బడులు మూతపడి ఇంట్లో కూర్చున్న పిల్లలు డ్రాయింగ్ పుస్తకాల్లో వేసిందీ అదే. బొమ్మ చూడగానే ఇది కరోనా అని అక్షరం రాని అవ్వ కూడా చెప్పేసింది.

మరి ఆ ఆకారాన్ని మొట్టమొదట చూసిందెవరు? కంటికే కాదు, మామూలు మైక్రోస్కోపుకి కూడా అందని ఆ వైరస్ ఇలా ఉంటుందని లోకానికి చూపించిందెవరు?

పెద్ద పెద్ద డిగ్రీలున్న ఏ డాక్టరుగారో అనుకుంటాం. కానే కాదు. ఆమె ఓ బస్సు డ్రైవర్ కూతురు. ఫీజు కట్టే స్తోమత లేక పదహారేళ్లకే చదువు మానేసి ఉద్యోగంలో చేరిన అమ్మాయి. పేరు జూన్ అల్మెయిడా. మనిషికి సోకే కరోనా వైరస్‌ను 1966లోనే ఆమె చూసింది. మొదట్లో ఆ మాట నమ్మినవాళ్లు తక్కువ. నమ్మించడానికి ఆమె దగ్గర ఉన్నవి రెండే... తన కళ్లు, తన ఓపిక!

రెండు గదుల్లో పెరిగిన కోరిక

స్కాట్లాండులోని గ్లాస్గో నగరం. ఓడల కార్ఖానాలకీ, కూలి జనానికీ పేరుపడ్డ ఊరు. అక్కడ 1930 అక్టోబర్ 5న జూన్ హార్ట్ పుట్టింది. నాన్న హ్యారీ బస్సు నడిపేవాడు. కాపురం పెద్ద మేడలోని ఓ చిన్న అద్దె వాటాలో. ఒకే మెట్ల మీద నాలుగైదు కుటుంబాలు ఎక్కిదిగే ఇల్లు. మన పట్నాల్లో పక్కవాళ్ల పోపు వాసన మన వంటింట్లోకి వచ్చేస్తుందే... అలాంటి బతుకే.

జూన్‌కి ఓ తమ్ముడుండేవాడు. ఆరేళ్లవాడు. 1940లో వాడికి డిఫ్తీరియా సోకింది. మన పెద్దవాళ్లు కంఠసర్పి అనేవారు ఆ జబ్బుని. గొంతులో పొర కట్టి ఊపిరి ఆడనివ్వదు. ఇప్పుడు మన పిల్లలకు నెలల వయసులోనే దానికి టీకా పడిపోతోంది. బ్రిటన్లో పిల్లలందరికీ ఆ టీకా వేయించే కార్యక్రమం ఊపందుకున్నది 1940 తర్వాతే. ఈ పిల్లాడికి ఆ అదృష్టం దక్కలేదు. తమ్ముడు పోయేనాటికి జూన్‌కి పదేళ్లు.

ఆ దుఃఖమే ఆమెను జబ్బుల రహస్యాల వైపు నడిపించిందా? అలాగని ఆమె ఎక్కడా రాసిపెట్టలేదు. కానీ ఒకటి మాత్రం నిజం. కంటికి కనపడనిదేదో ఇంట్లోకి వచ్చి, ఆడుకునే పిల్లాడిని ఎత్తుకుపోవడం ఆ పిల్ల పదేళ్లకే చూసింది. ఆ తర్వాత జీవితమంతా కంటికి కనపడనివాటిని కంటికి చూపించే పనిలోనే గడిపింది.

వైట్‌హిల్ స్కూల్లో జూన్ చురుకైన విద్యార్థిని. సైన్సులో బహుమతి కూడా తెచ్చుకుంది. యూనివర్సిటీకి వెళ్లాలని ఎంతో కోరిక. కానీ బస్సు డ్రైవర్ జీతంతో ఇల్లు గడవడమే గగనం. ఇంకా యూనివర్సిటీ చదువా! అడగాల్సిన పనిలేదు, చెప్పాల్సిన పనీ లేదు. ఇలాంటి ఇళ్లలో ఆ సంగతి ఆడపిల్లలకు దానంతటదే అర్థమైపోతుంది.

1947లో పదహారేళ్ల జూన్ స్కూలు మానేసింది. గ్లాస్గో రాయల్ ఇన్ఫర్మరీ అనే పెద్దాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరింది. జీతం వారానికి 25 షిల్లింగులు. రోగుల శరీరం నుంచి తీసిన కండ ముక్కలను పల్చగా కోయడం, రంగు వేయడం, మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం... అదీ పని.

చిన్న పనే. కానీ ఆ పనిలోనే ఆమెకు ఓ విద్య పట్టుబడింది. చూసింది చూసినట్టు గుర్తుపెట్టుకోవడం! బియ్యంలో రాయిని మనం ఎలా పట్టేస్తాం? వేల గింజల్లో ఒక్కటి తేడాగా ఉంటే చెయ్యి అక్కడే ఆగుతుంది కదా. అలాంటి చూపు అలవడింది జూన్‌కి.

ఊరు మారింది, దేశం మారింది

కొన్నేళ్లకు జూన్ లండన్ వచ్చింది. అక్కడ సెయింట్ బార్తలోమ్యూస్ ఆసుపత్రిలో అదే పని. అక్కడే వెనిజులా దేశం నుంచి వచ్చిన చిత్రకారుడు హెన్రీ అల్మెయిడా పరిచయమయ్యాడు. 1954 డిసెంబర్‌లో పెళ్లి. అలా జూన్ హార్ట్ కాస్తా జూన్ అల్మెయిడా అయింది.

కొత్త దంపతులు అట్లాంటిక్ దాటి కెనడాలోని టొరంటో చేరుకున్నారు. ఆ ఊరికో ప్రత్యేకత ఉంది. ఉత్తర అమెరికా ఖండంలో పనికొచ్చే తొలి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల్లో ఒకటి 1938లో తయారైంది టొరంటో యూనివర్సిటీలోనే. అదే నగరంలోని ఒంటారియో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో జూన్‌కి ఉద్యోగం దొరికింది. ఈసారి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గర.

బ్రిటన్లో అయితే డిగ్రీ లేని టెక్నీషియన్ ఎంత తెలివైనదైనా టెక్నీషియన్‌గానే మిగిలేది. కెనడాలో అంత పట్టింపు లేదు. పని చేసి చూపిస్తే చాలు. చేసిన పరిశోధనా పత్రం మీద పేరు కూడా వేసేవారు. మగ సైంటిస్టుల పేర్ల పక్కన జూన్ అల్మెయిడా పేరు అచ్చవడం మొదలైంది. 1960లో కూతురు పుట్టింది. ఉయ్యాల ఒక పక్కా, మైక్రోస్కోపు ఒక పక్కా!

వైరస్‌ని చూడటమంటే...

ఇక్కడ కాస్త ఆ పని గురించి చెప్పుకోవాలి. లేకపోతే ఆమె చేసిందేమిటో అర్థం కాదు.

బ్యాక్టీరియాను మామూలు మైక్రోస్కోపులో చూడొచ్చు. వైరస్‌ని చూడలేం. కరోనా వైరస్ సైజే తీసుకోండి. ఏడెనిమిది వందల వైరస్‌లను వరసగా పేర్చితే గానీ మన తల వెంట్రుక మందం రాదు. అంత చిన్నదాన్ని వెలుతురుతో చూడటం సాధ్యం కాదు. అందుకని వెలుతురు బదులు ఎలక్ట్రాన్లను పంపి బొమ్మ రాబట్టే యంత్రం తయారుచేశారు. అదే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు.

యంత్రం ఉంటే సరిపోదు. అందులో కనిపించేదంతా బూడిదరంగు మచ్చలే. ఏది వైరస్, ఏది చెత్త? కణం ముక్క ఏది, దుమ్ము ఏది? అక్కడే చాలామంది బోర్లాపడేవారు.

జూన్ రెండు ఉపాయాల్లో ఆరితేరింది. మొదటిది, వైరస్ చుట్టూ ఓ బరువైన లోహ ద్రావణాన్ని పోయడం. ముగ్గు వేసేటప్పుడు చేతిని నేల మీద పెట్టి చుట్టూ పిండి చల్లామనుకోండి. చెయ్యి తీసేస్తే చేతి ఆకారం తేటగా కనపడుతుంది కదా? ఇదీ అంతే. చుట్టూ నల్లగా, మధ్యలో వైరస్ తెల్లగా, దాని అంచులతో సహా కనపడుతుంది. ఈ పద్ధతి అప్పటికే ఉన్నా దాన్ని ఇంత తేటగా చేయగలిగినవాళ్లు కొద్దిమందే.

రెండోది ఇంకా చక్కటిది. ఒక జబ్బు వచ్చి తగ్గినవాళ్ల రక్తంలో ఆ జబ్బుతో పోరాడే యాంటీబాడీలు ఉంటాయి. అవి తమకు తెలిసిన వైరస్‌నే వెతికి పట్టుకుంటాయి. ఆ రక్తరసాన్ని నమూనాలో కలిపితే చెల్లాచెదురుగా ఉన్న వైరస్‌లన్నీ గుంపు కట్టేస్తాయి. విడివిడిగా కంటికి ఆనని చీమలు బెల్లం ముక్క చుట్టూ చేరితే ఇట్టే కనపడవూ? అలాగన్నమాట. పైగా మరో లాభం... ఆ యాంటీబాడీలు పట్టుకున్నాయంటే అది ఫలానా వైరసేనని రుజువు కూడా దొరికినట్టే. ఈ పద్ధతిని పదునుపెట్టి నలుగురికీ పనికొచ్చేలా చేసినవాళ్లలో జూన్ పేరు ముందుంటుంది. 1963లో దీని మీద ఆమె, తోటివాళ్లు కలిసి రాసిన పత్రం వైరస్‌ల లోకంలో చాలామంది దృష్టిలో పడింది.

అలా దృష్టిలో పడినవాళ్లలో లండన్ ప్రొఫెసర్ టోనీ వాటర్సన్ ఒకడు. 1964లో ఆయన ఆమెను లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్య కళాశాలకు రమ్మని పిలిచాడు. పదేళ్ల కిందట టెక్నీషియన్‌గా లండన్ వదిలిన అమ్మాయి, నాలుగేళ్ల కూతురున్న తల్లిగా, పరిశోధకురాలిగా తిరిగొచ్చింది.

పనికిరాని ఫొటోలన్నారు!

అదే సమయంలో లండన్‌కి దూరంగా సాలిస్‌బరీ అనే ఊళ్లో ఓ వింత పరిశోధన నడుస్తోంది. 1946లో మొదలైన ఆ కేంద్రం పని ఒకటే... జలుబు ఎందుకొస్తుందో కనిపెట్టడం! ఊళ్లోంచి వాలంటీర్లు వచ్చేవారు. వాళ్లకు తిండి పెట్టి, గది ఇచ్చి, ముక్కులో చుక్కలు వేసి, జలుబు పట్టుకుంటుందో లేదో చూసేవారు. ఆ కేంద్రం పెద్ద డాక్టర్ డేవిడ్ టైరెల్.

టైరెల్‌ని ఓ నమూనా ఏడిపిస్తోంది. 1960ల మొదట్లో సర్రే ప్రాంతంలో ఓ బడిపిల్లాడి ముక్కు కడిగి తీసిన నీరు అది. దాని నంబరు బి814. వాలంటీర్ల ముక్కులో వేస్తే జలుబు వస్తోంది. కానీ మామూలుగా వైరస్‌లను పెంచే పద్ధతుల్లో పెంచితే పెరగదు. చివరికి శ్వాసనాళం లోపలి పొర ముక్కలను సీసాల్లో బతికించి, వాటిమీద పెంచితే పెరిగింది. అప్పటికి తెలిసిన ఏ జలుబు వైరస్‌తోనూ అది పోలలేదు. ఉన్నది నిజం... కానీ ఏమిటో తెలియదు!

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో తేలుతుందేమోనని వాటర్సన్ దగ్గర ఉన్న ఈ కెనడా నుంచి వచ్చినామె సంగతి టైరెల్ చెవిన పడింది. ఆయనకు పెద్దగా నమ్మకం లేదు. నమూనాలో వైరస్‌లు చాలా తక్కువ. అయినా పోయేదేముందని పంపాడు. పరీక్షగా ఉంటుందని ఫ్లూ, హెర్పిస్ లాంటి తెలిసిన వైరస్‌లున్న నమూనాలు కూడా కలిపి పంపాడు.

జూన్ అన్నిటినీ చూసింది. తెలిసినవాటిని తెలిసినట్టే గుర్తుపట్టింది. తెలియనిదానిలో కూడా వైరస్‌ని పట్టుకుంది. గుండ్రటి వైరస్... చుట్టూ వెలుగు వలయంలా ముళ్లు. అసలు ఆశ్చర్యం అది కాదు. అది తనకు కొత్త కాదని చెప్పింది!

ఏమిటా సంగతి? అంతకుముందే ఆమె ఇలాంటి వైరస్‌లను రెండుసార్లు చూసింది. ఒకటి కోళ్లకు వచ్చే బ్రాంకైటిస్ జబ్బులో. మన కోళ్లఫారాల వాళ్లు ఐ.బి. అంటారే, అదే. రెండోది ఎలుకల కాలేయానికి వచ్చే జబ్బులో. ఇవి వేరే జాతి వైరస్‌లని ఆమె ఓ పత్రం రాసి పత్రికకు పంపింది. పెద్దలు తిప్పికొట్టారు. ఇవేవో ఫ్లూ వైరస్‌కి సరిగ్గా రాని ఫొటోలు తప్ప మరేం కాదని తేల్చేశారు.

ఒక్క క్షణం ఆలోచించండి. డిగ్రీ లేని మనిషి. ఎదురుగా చదువుకున్న పెద్దలు. నీకు ఫొటో తీయడం రాలేదని చెబుతున్నారు. మనలో ఎంతమందిమి నిజమేనేమో, మనకేం తెలుసు అనుకుని ఊరుకోం?

జూన్ గొడవపడలేదు. ఆ ఫొటోలను పారేయలేదు కూడా. బీరువాలో దాచుకుంది, మనసులోనూ దాచుకుంది. ఇప్పుడు మనిషి ముక్కులోంచి తీసిన వైరస్ కూడా అదే ఆకారంలో కనపడేసరికి లెక్క సరిపోయింది. కోడి, ఎలుక, మనిషి... మూడూ ఒకే కుటుంబం! సరిగ్గా అదే కాలంలో అమెరికాలోని చికాగోలో డొరొతీ హామ్రె అనే మరో మహిళ జలుబు చేసిన విద్యార్థుల నుంచి 229ఇ అనే వైరస్‌ను వేరుచేసింది. జూన్ దాన్నీ చూసింది. అదీ ఈ కుటుంబమే.

1967లో జూన్, టైరెల్ కలిసి ఈ సంగతులన్నీ ఫొటోలతో సహా ప్రచురించారు. ఈసారి కాదనడానికి ఎవరికీ వీల్లేకపోయింది.

మరి పేరు పెట్టాలి కదా! జూన్, టైరెల్, వాటర్సన్ కూర్చుని ఆలోచించారు. చుట్టూ ఆ ముళ్ల వలయం చూస్తే కిరీటంలా ఉంది. లాటిన్ భాషలో కిరీటాన్ని కరోనా అంటారు. అంతే, అదే ఖాయమైంది. 1968 నవంబర్‌లో ఎనిమిది మంది శాస్త్రవేత్తల పేర్లతో నేచర్ పత్రికలో ఆ పేరు అచ్చయింది. అందులో జూన్ పేరూ ఉంది. అప్పటికి అది ఉత్త జలుబు వైరస్. ఆ పేరు వింటే ప్రపంచం వణికే రోజొకటి వస్తుందని ఎవరికి తెలుసు!

తల్లులకు చేసిన మేలు

ఆమె పని అక్కడితో ఆగలేదు. గర్భంతో ఉన్న తల్లికి సోకితే పుట్టబోయే బిడ్డకు చెవుడు, గుండెజబ్బు, కంటిలోపాలు తెచ్చే రుబెల్లా వైరస్ ఉంది కదా. దాని ఆకారాన్ని తేటగా చూపించిన బృందంలో జూన్ ఉంది. అదీ 1967లోనే. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి వైరస్‌కి పైన ఒక తొడుగు, లోపల ఒక గింజ ఉంటాయనీ, రెండూ వేర్వేరనీ ఆమె యాంటీబాడీల పద్ధతితోనే చూపించింది.

అమెరికా నుంచి ఆల్బర్ట్ కపికియన్ అనే శాస్త్రవేత్త లండన్ వచ్చి ఆమె దగ్గర ఆ పద్ధతి నేర్చుకుని వెళ్లాడు. 1972లో దాంతోనే వాంతులు, విరేచనాలు తెచ్చే నార్వాక్ వైరస్‌ను పట్టుకున్నాడు. డిగ్రీ లేని అమ్మాయి దగ్గర డాక్టర్లు పాఠం నేర్చుకున్నారన్నమాట.

1967లో ఆమె వాటర్సన్ వెంట లండన్‌లోనే హ్యామర్‌స్మిత్‌లో ఉన్న పోస్ట్‌గ్రాడ్యుయేట్ వైద్య కళాశాలకు మారింది. 1971లో అక్కడ ఉండగానే, అప్పటిదాకా అచ్చయిన పరిశోధనలు చూసి ఆమెకు డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా ఇచ్చారు. పదహారేళ్లకు అందని యూనివర్సిటీ నలభయ్యేళ్లకు తానే దిగివచ్చింది! తర్వాత వెల్‌కమ్ పరిశోధనశాలలో చేరింది. పద్ధతిని పదిమందికీ నేర్పడం మాత్రం మానలేదు. వైరస్ జబ్బులను తొందరగా గుర్తించడం ఎలాగో చెప్పే కరదీపికను ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం తయారుచేసింది.

బయట ఇంత జరుగుతున్నా ఇంట్లో అంతా సవ్యంగా లేదు. హెన్రీతో కాపురం నిలవలేదు. విడిపోయారు. కూతురిని పెంచుకుంటూనే ల్యాబ్ పని చేసింది. 1982లో ఫిలిప్ గార్డ్‌నర్ అనే వైరస్ శాస్త్రవేత్తను పెళ్లి చేసుకుంది. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. 1980ల మధ్యలో రిటైరై ఇంగ్లండ్ దక్షిణ తీరంలో బెక్స్‌హిల్ అనే సముద్రపు ఊళ్లో స్థిరపడ్డారు.

రిటైరయ్యాక కూడా కాళ్లూ చేతులూ ఊరుకోలేదు. యోగా నేర్చుకుని టీచరైంది! పగిలిన పింగాణీ పాత్రలను అతుకు తెలియకుండా బాగుచేయడం నేర్చుకుంది. ఫ్లూట్ నేర్చుకుంది. భర్తతో కలిసి పాత కళాఖండాల వ్యాపారం చేసింది. 1980ల చివర్లో ఎయిడ్స్ వైరస్ ఫొటోలు తేటగా రావడం లేదంటే సెయింట్ థామస్‌కి తిరిగివెళ్లి సాయపడింది. 1994లో ఫిలిప్ చనిపోయాడు.

2002-03లో సార్స్ వచ్చింది. 8,096 మందికి సోకి 774 మందిని బలి తీసుకుంది. ఏమిటీ కొత్త జబ్బని అందరూ తలలు పట్టుకున్నప్పుడు అమెరికాలోని అట్లాంటాలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ముందు కూర్చున్న సింథియా గోల్డ్‌స్మిత్‌కి ఆ ఆకారం కనిపించింది. కరోనా కుటుంబమేనని అర్థమైంది. ఉత్త జలుబు వైరస్ అనుకున్నది ఊపిరితిత్తులను పాడుచేసే చుట్టాలను కూడా పెంచుకుందని లోకానికి అప్పుడు తెలిసింది. 2007 డిసెంబర్ 1న జూన్ గుండెపోటుతో బెక్స్‌హిల్‌లో కన్నుమూసింది. వయసు 77. వైరస్‌ల లోకం బయట ఆ పేరు తెలిసినవాళ్లు అప్పటికి తక్కువే.

ఊపిరి కోసం వెతుకులాట

ఆమె పోయిన పన్నెండేళ్లకు, 2019 చివర్లో, చైనాలోని వూహాన్‌లో కొత్త న్యుమోనియా మొదలైంది. అక్కడి శాస్త్రవేత్తలు వైరస్ జన్యువులు చదివారు. దాంతోపాటు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులోనూ చూశారు. అదే బంతి, అదే కిరీటం! ఒకప్పుడు సెయింట్ థామస్‌లో జూన్‌తో పనిచేసిన ప్రొఫెసర్ హ్యూ పెనింగ్టన్ ఆమె వేసిన బాట ఎంతటిదో పత్రికలకు గుర్తుచేశాడు. అలా 2020లో ప్రపంచం ఆమె పేరు తెలుసుకుంది.

ఆ తర్వాత సంగతి మనందరికీ తెలుసు. 2021 వేసవిలో ఆక్సిజన్ సిలిండర్ కోసం పరుగెత్తని వీధి ఉందా? మన ఊపిరితిత్తుల్లో ద్రాక్షగుత్తుల్లాంటి సన్నటి గాలితిత్తులు కోట్లలో ఉంటాయి. వైరస్ వాటిని దెబ్బతీస్తుంది. దాన్ని తరమడానికి మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ చెలరేగిపోతే తిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఇక ఆక్సిజన్ రక్తంలోకి ఎక్కదు. వెంటిలేటర్ పెట్టాల్సివస్తుంది.

ఆ మంటను చల్లార్చడానికి డాక్టర్లు ఎన్నో దారులు వెతికారు. అందులో ఒకటి మూలకణాల చికిత్స. ఎముక మజ్జ నుంచో, పురుడు పోశాక పారేసే బొడ్డుతాడు నుంచో తీసిన ఒక రకం మూలకణాలను రోగి నరంలోకి ఎక్కిస్తారు. అవి చాలావరకు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. అక్కడ రక్షణ వ్యవస్థను శాంతింపజేసే రసాయనాలు వదులుతాయని ఆశ. 2020లో కొద్దిమంది మీద చేసిన పరీక్షలు ఆశ పుట్టించాయి. అది చూసి ఇదే సంజీవని అన్నవాళ్లూ ఉన్నారు.

కానీ అమెరికాలో వెంటిలేటర్ మీద ఉన్న 222 మంది మీద పద్ధతిగా పరీక్ష చేస్తే ఏం తేలింది? నెలరోజుల్లో పోయినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. అదే 2020లో బ్రిటన్లో డెక్సామెథసోన్ అనే చవక మందును వేలమంది మీద పరీక్షించారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడోవంతు తగ్గాయి. మూలకణాల మీద పరిశోధన ఆగలేదు, ఆగకూడదు కూడా. కానీ రుజువు కానిదాన్ని రుజువైనట్టు చెప్పి లక్షలు అడిగేవాళ్లుంటే జాగ్రత్తపడాల్సింది మనమే. ప్రాణం మీదికొచ్చినప్పుడు పుస్తెలు అమ్మి అయినా కడదామనుకునే వాళ్లం మనం. కట్టేముందు ఇది ఎంతమంది మీద పరీక్షించారు, ఎవరితో పోల్చి చూశారు అని అడగడంలో తప్పు లేదు.

జూన్ జీవితం చెప్పేదీ అదే. పెద్దలు కాదన్నంత మాత్రాన ఆమె చూసింది అబద్ధం అయిపోలేదు. అలాగని తాను చెప్పాను కాబట్టి నమ్మండని కూడా ఆమె అనలేదు. కోడిలో చూసింది, ఎలుకలో చూసింది, మనిషిలో చూసింది. మూడుచోట్లా ఒకటే కనపడ్డాకే నలుగురినీ ఒప్పించింది.

మీ ఇంట్లోనూ సైన్సులో బహుమతి తెచ్చుకుని, ఫీజు దగ్గర ఆగిపోయిన ఆడపిల్ల ఉండొచ్చు. ఏ ల్యాబ్‌లోనో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో ఉండొచ్చు. ఆ పిల్ల మైక్రోస్కోపులో చూసి ఇదేదో తేడాగా ఉందే అంటే... కాస్త ఆగి వినండి.